ఇద్దరు రెడ్ల తగాదా, మధ్యలో యానాది కాలనీ: సర్వేపల్లి కేసుల చరిత్ర



నెల్లూరు తీరం మీద రాస్తున్న ఈ వరసలో ఇవాళ సర్వేపల్లి నియోజకవర్గం గురించి మాట్లాడుకుందాం. 2025 మే 25న మాజీ మంత్రి కాకాణి గోవర్ధన్ రెడ్డి అరెస్టయ్యాడు. జిల్లాలో రెండే రెండు మాటలు వినిపించాయి. ఒక పార్టీ వాళ్లు పాపం పండిందన్నారు. ఇంకో పార్టీ వాళ్లు కక్ష సాధింపు అన్నారు. టీవీలు ఆ రెండు మాటలనే తిప్పి తిప్పి చూపించాయి. ఆ కేసులో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు ఎందుకున్నాయి, అవి ఎవరి తరఫున పెట్టినవి అని అడిగిన వాళ్లు చాలా తక్కువ. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. ఆరోపణ వేరు, రుజువు వేరు. కాకాణిని ఇంతవరకు ఏ కోర్టూ దోషి అనలేదు. ఇవన్నీ రాజకీయ కేసులని ఆయన అంటున్నాడు. ఆ తేడాను మనమే అందరికంటే జాగ్రత్తగా పాటించాలి. ఎందుకో కిందికి పోయేకొద్దీ మీకే అర్థమవుతుంది.

ఆ పొగగొట్టం మీద ఎవరి పేరుంది?

సర్వేపల్లి అంటే ఐదు మండలాలు: ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, వెంకటాచలం, మనుబోలు, పొదలకూరు. తూర్పున సముద్రం, కృష్ణపట్నం పోర్టు, రొయ్యల గుంటలు. మధ్యలో వరి. పడమట పొదలకూరు వైపు మెట్ట, రాతి నేల. పోర్టు 2008లో మొదలైంది. కట్టింది నవయుగ, తర్వాత అదానీ చేతికి పోయింది. దాని చుట్టూ బొగ్గు, బూడిద, లారీలు, గ్రావెల్. ఒక ఎమ్మెల్యే చేతి కింద ఇంత డబ్బు తిరిగే నియోజకవర్గాలు రాష్ట్రంలో ఎక్కువ లేవు.

ముత్తుకూరు మండలం నేలటూరులో జెన్‌కో థర్మల్ కేంద్రం ఉంది. దాని పేరు శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ పవర్ స్టేషన్. సంజీవయ్య ఎవరో విద్యార్థి మిత్రులకు చెప్పాలి. కర్నూలు జిల్లా పెద్దపాడు మాల కుటుంబంలో పుట్టాడు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. ఈ దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదటిసారి. ఆయన ప్రభుత్వ కాలంలోనే, 1961 జనవరి 2 నుంచి, అవినీతి నిరోధక శాఖ పని మొదలుపెట్టింది. ఇవాళ మనం ఏసీబీ అంటున్నది అదే.

అవినీతి ఎక్కువగా కింది కులాల నుంచే వస్తోందని 2013లో జైపూర్ సాహిత్య సభలో ఆశిష్ నంది అన్నాడు. పెద్ద గొడవ అయింది. ఆ మాటకు మన జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. ఈ రాష్ట్రంలో అవినీతిని పట్టడానికి ప్రత్యేక శాఖ ఏర్పడింది ఒక మాల ముఖ్యమంత్రి హయాంలో. ఆ మనిషి పేరే సర్వేపల్లిలో పొగగొట్టాల కింద బోర్డు మీద ఉంది.

ఏడు ఎన్నికలు, ముగ్గురు మనుషులు

ఇప్పుడు ఎమ్మెల్యేల పట్టీ చూడండి. 1994, 1999లో సోమిరెడ్డి చంద్రమోహన్ రెడ్డి. 2004, 2009లో ఆదాల ప్రభాకర రెడ్డి. 2014, 2019లో కాకాణి గోవర్ధన్ రెడ్డి. 2024లో మళ్లీ సోమిరెడ్డి. ముప్పై ఏళ్లు, ఏడు ఎన్నికలు, ముగ్గురు మనుషులు, ఒకటే కులం. జెండాలు మారాయి. ఆదాల ఒక్కడే తెలుగుదేశం, కాంగ్రెస్, మళ్లీ తెలుగుదేశం, ఆ తర్వాత వైఎస్సార్‌సీపీ తిరిగాడు. కుర్చీ మాత్రం వాడ వైపు ఒక్క అడుగు జరగలేదు.

జిల్లాలో మనవాళ్లు లేరా అంటే ఉన్నారు. నెల్లూరు పార్లమెంటు సీటు 2004 ఎన్నిక దాకా దశాబ్దాల పాటు ఎస్సీ రిజర్వుడు. దొడ్డవరపు కామాక్షయ్య, పుచ్చలపల్లి పెంచలయ్య, పనబాక లక్ష్మి, ఉక్కాల రాజేశ్వరమ్మ అక్కడి నుంచే ఢిల్లీ పోయారు. గూడూరు, సూళ్లూరుపేట అసెంబ్లీ సీట్లు ఇప్పటికీ రిజర్వుడే. కానీ మైనింగు, నీళ్లు, ఇసుక, భూమి విషయంలో పెత్తనం జిల్లాలో ఎవరి చేతిలో ఉంటుంది? జిల్లా పరిషత్తులో, సొసైటీల్లో, నీటి సంఘాల్లో, కాంట్రాక్టుల్లో ఉంటుంది. రిజర్వేషన్ మనకు సీటు ఇచ్చింది. ఆ యంత్రాంగం మాత్రం ఊరి చేతిలోనే ఉండిపోయింది.

కులం ఒక్కటే కారణమని కూడా నేను అనను. ఇదే తీరంలో విడవలూరు దగ్గర అలగానిపాడు ఉంది. అక్కడి భూస్వామ్య రెడ్డి కుటుంబంలో 1913లో పుట్టిన కుర్రాడు పేరు చివర రెడ్డిని తీసేశాడు, ఆస్తిని పార్టీకి ఇచ్చేశాడు, గన్నవరం నుంచి ఎమ్మెల్యే అయ్యాక కూడా సైకిలు మీద తిరిగాడు. ఆయనే పుచ్చలపల్లి సుందరయ్య. కమ్యూనిస్టులతో మనకు ఉన్న పేచీలు వేరు, వాటి గురించి ఇంకోసారి. ఇక్కడ చెప్పేది ఒక్కటే. ఇదే జిల్లాలో, ఇదే కులంలో అలాంటి శాసనసభ్యుడు కూడా ఉన్నాడు కాబట్టి, రాజకీయం అంటే ఇంతేలే అని సర్దుకుపోవాల్సిన అవసరం మనకు లేదు.

సమితి ఇంటి నుంచి మంత్రి కుర్చీ దాకా

కాకాణి గోవర్ధన్ రెడ్డిది పొదలకూరు మండలం తోడేరు. తండ్రి రమణారెడ్డి పొదలకూరు సమితి అధ్యక్షుడిగా చేసినవాడు. సమితులంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. మండలాలు రాకముందు పంచాయతీ సమితి అధ్యక్షుడు అంటే ఆ ప్రాంతానికి చిన్న దొర. రోడ్డు, బావి, బడి, అప్పు, అన్నీ ఆయన గుమ్మం మీదుగానే వచ్చేవి. ఎన్టీఆర్ మండలాలు తెచ్చి సమితులను రద్దు చేశాడు. సమితి కుటుంబాలు మాత్రం రద్దు కాలేదు.

కాకాణి 2006లో కాంగ్రెస్ తరఫున నెల్లూరు జిల్లా పరిషత్ చైర్మన్ అయ్యాడు. తర్వాత జగన్ పార్టీలోకి పోయి 2014లో, 2019లో సోమిరెడ్డిని ఓడించాడు. 2022 ఏప్రిల్ 11న వ్యవసాయ మంత్రిగా ప్రమాణం చేశాడు. ఓడిపోయిన సోమిరెడ్డి అంతకుముందు, 2017 నుంచి 2019 దాకా, అదే వ్యవసాయ శాఖకు మంత్రి. ఒకే నియోజకవర్గం, ఒకే శాఖ, ఇద్దరు ప్రత్యర్థులు.

ఈ ఇద్దరి తగాదాలో మొదటి పెద్ద కేసు 2016 డిసెంబరుది. సోమిరెడ్డికి విదేశాల్లో వందల కోట్ల ఆస్తులున్నాయని కాకాణి కొన్ని పత్రాలు విడుదల చేశాడు. సోమిరెడ్డి పోలీసులకు ఫిర్యాదు చేశాడు. ఆ పత్రాలు దొంగవని పోలీసులు తేల్చారు. నిందితుల్లో కాకాణి పేరు కూడా చేరింది. కేసు నెల్లూరు కోర్టుకు పోయింది.

ఐదేళ్లు దాటాయి. ఏప్రిల్ 11న ఆయన మంత్రి అయ్యాడు. రెండు రోజులకు, 13వ తేదీ రాత్రి, నెల్లూరు కోర్టులో దొంగతనం జరిగింది. పోయింది ఏమిటి? ఆ కేసు తాలూకు సాక్ష్యాధారాలున్న సంచి. తెల్లారి కాగితాలు కోర్టు దగ్గర కాలవలో దొరికాయి. పోలీసులు ఇద్దరిని పట్టుకున్నారు. వాళ్లు పాత నేరస్తులని, ఇనుము దొంగతనానికి వచ్చారని, కుక్కలు మొరిగితే కోర్టు లోపలికి దూరారని, అక్కడ బీరువాలో దొరికిన సంచి ఎత్తుకుపోయారని చెప్పారు.

ఈ కథ విని హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టింది. 2022 నవంబరులో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఆ దొంగతనంలో మంత్రి హస్తం ఉందని సీబీఐ కూడా తేల్చలేదు. కాబట్టి మనమూ ఆ మాట అనకూడదు. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. 2016లో పెట్టిన కేసు ఆధారాలు 2022 దాకా బీరువాలో సంచిలో ఎందుకున్నాయి? ఐదేళ్లలో విచారణ ముగిసి ఉంటే దొంగకు ఎత్తుకుపోవడానికి ఏం మిగిలేది? శాసనసభ్యుల కేసుల్లో మొదటి లాభం ఆలస్యమే. ఎవరూ ఏ తాళమూ పగలగొట్టకుండానే అందే లాభం అది.

ఎవరిని దొంగ అన్నారు?

పాత నేరస్తులు అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. నెల్లూరు జిల్లాలో ఆ మాటకు పెద్ద చరిత్ర ఉంది.

బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా వర్తించేలా మార్చారు. ఎరుకల వాళ్లను, యానాదుల్లో కొందరిని ఆ పట్టీలో ఎక్కించారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికి ఒక సెటిల్‌మెంటు అప్పగించారు. పేరు రిజిస్టరులో ఉంటే పోలీసుకు హాజరు పలకాలి. అనుమతి లేకుండా పొరుగూరు పోతే నేరం. ఆ మనిషి ఏం దొంగిలించాడని ఎవరూ అడగరు, పుట్టుకే రుజువు. వెన్నెలకంటి రాఘవయ్య లాంటి నెల్లూరు వాళ్లు యానాదుల తరఫున ఏళ్ల తరబడి కొట్లాడారు. ఆ చట్టం 1952లో దేశమంతా రద్దయింది. దాని వెనకే పాత నేరస్తుల చట్టాలు వచ్చాయి. పేరు మారింది, పోలీసు చూపు మారలేదు.

ఒక పక్క చూస్తే, ఏ రుజువూ లేకుండా జాతి మొత్తానికి దొంగ ముద్ర. ఇంకో పక్క చూస్తే, కోర్టులో కేసు, చార్జిషీటు, సాక్ష్యాలు అన్నీ ఉన్నా ఏళ్ల తరబడి గౌరవనీయ సభ్యుడు. ఈ రెండూ ఒకే జిల్లాలో, ఒకే పోలీసు శాఖ చేతుల మీద జరిగాయి. ఆరోపణకు, రుజువుకు మధ్య తేడా మనం పాటించాలని ముందే అన్నది ఇందుకే. రుజువు లేని ముద్ర ఎంత బరువో మోసిన జనం మనం. ఆ న్యాయం కాకాణికి కూడా దక్కాలి. దక్కుతోంది కూడా. యానాదికి మాత్రం ఎప్పుడు దక్కింది?

తెల్లరాయి

ఇప్పుడు 2025 కేసు. గూడూరు, సైదాపురం, పొదలకూరు వైపు భూమిలో అభ్రకం ఉంది, దాంతోపాటు తెల్లరాయి, అదే క్వార్ట్జ్. ఒకప్పుడు అభ్రకానిదే రాజ్యం, తెల్లరాయిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈ మధ్య కాలంలో చైనా ఎగుమతులతో దాని ధర పెరిగింది. పక్కనే పోర్టు. పనికిరాదనుకున్న రాయి బంగారమైంది.

పొదలకూరు మండలం వరదాపురం దగ్గర రుస్తుం మైన్ అని పాత గని. దాని లీజు గడువు ముగిసిపోయింది. వైఎస్సార్‌సీపీ హయాంలో అక్కడ అనుమతి లేకుండా తవ్వి దాదాపు 250 కోట్ల రూపాయల తెల్లరాయి తరలించారన్నది ఆరోపణ. 2023 డిసెంబరులో సోమిరెడ్డి ఆ గని దగ్గరే దీక్షకు కూర్చున్నాడు. అప్పుడు కేసు కదల్లేదు. 2024లో ప్రభుత్వం మారింది. 2025 ఫిబ్రవరిలో పొదలకూరు పోలీసు స్టేషన్లో కేసు నమోదైంది. తర్వాత కాకాణిని నాలుగో నిందితుడిగా చేర్చారు. ముందస్తు బెయిల్ హైకోర్టులోనూ దొరకలేదు, సుప్రీంకోర్టులోనూ దొరకలేదు. మే 25న అరెస్టు, నెల్లూరు జైలు, ఆగస్టులో బెయిల్. ఈలోపు సర్వేపల్లి గ్రావెల్, కృష్ణపట్నం దారిలో టోల్ వసూళ్ల ఆరోపణల మీద ఇంకా కేసులు వచ్చాయి.

తేదీలు మళ్లీ చదవండి. తవ్వకం జరుగుతున్నప్పుడు గని అక్కడే ఉంది. లారీలు రోడ్డు మీదే పోయాయి. గనుల శాఖ, రెవెన్యూ, పోలీసు అప్పుడూ ఉన్నాయి. చట్టమూ అదే. మారింది ఒక్క ప్రభుత్వమే. అంటే కేసు నేరాన్ని బట్టి కదల్లేదు, అధికారాన్ని బట్టి కదిలింది. రేపు అధికారం మళ్లీ మారితే ఈ కేసు ఏమవుతుంది? ఇది ఒక్క కాకాణి గురించిన ప్రశ్న కాదు. సోమిరెడ్డి మీద కాకాణి వర్గం ఇవాళ చేస్తున్న ఆరోపణలకూ ఇదే వర్తిస్తుంది. అవి నిజమైనా అబద్ధమైనా, ఇంకో ప్రభుత్వం వచ్చేదాకా వాటిని విచారించే నాథుడు ఉండడు.

కేసులో ఉన్నా కథలో లేనివాళ్లు

ఆ కేసులో దొంగతనం, పేలుడు పదార్థాల సెక్షన్లతో పాటు ఎస్సీ, ఎస్టీ చట్టం కూడా ఉంది. గనిలో పేలుళ్ల గురించి ప్రశ్నించిన అక్కడి గిరిజనులను బెదిరించారన్నది ఆరోపణ. నెల్లూరు పల్లెల్లో గిరిజన కాలనీ అంటే ఎక్కువగా యానాదులే.

250 కోట్లు అనే అంకె అందరికీ తెలుసు. అది ప్రభుత్వానికి జరిగిన నష్టం లెక్క. పేలుడుకు గోడ బీటలు వారితే ఆ నష్టం ఎంతని ఎవరు లెక్క కట్టారు? భయంతో పనికి పోని రోజుల కూలి ఎంత? సక్రమంగా తవ్వితే లీజుదారు రాయల్టీతో పాటు జిల్లా ఖనిజ నిధికి కూడా వాటా కట్టాలి. ఆ నిధి గని పక్క ఊళ్ల నీళ్లకు, వైద్యానికి, బడికి ఖర్చు పెట్టాల్సింది. దొంగతనంగా పోయిన ప్రతి లారీతో ఆ వాటా కూడా పోయినట్టే. అవినీతి అంటే ప్రభుత్వ ఖజానాకు కన్నం అని పేపర్లు రాస్తాయి. వాడ వైపు నుంచి చూస్తే అది మనకు రావాల్సిన నీళ్ల ట్యాంకుకు కన్నం.

ముందస్తు బెయిల్ రాకపోవడంలో ఎస్సీ, ఎస్టీ చట్టం 18వ సెక్షన్ పాత్ర ఎంతో న్యాయవాద మిత్రులకు తెలుసు. అంటే ఒక పెద్ద రెడ్డిని జైలుకు పంపడానికి యానాది పేరు అవసరమైంది. జైలు గేటు దగ్గర కెమెరాల ముందు మాత్రం ఆ యానాది లేడు. ఇద్దరు నాయకుల మనుషులే ఉన్నారు. ఇతరుల తగాదాలో మన చట్టాన్ని కత్తిలా వాడుకుని, పని అయ్యాక మూల పడేయడం మనకు కొత్త కాదు. రాజీ కుదిరిన రోజు మొదట ఎదురు తిరిగేది ఆ సాక్షే. సాక్షి పిరికివాడని కాదు, పొద్దున లేస్తే పనికి పోవాల్సింది ఆ నాయకుల మనుషుల పొలాలకే కాబట్టి.

ఎవరికి శిక్ష పడుతుంది?

కొందరు యువమిత్రులు అడుగుతుంటారు: మనవాళ్లలో అవినీతిపరులు లేరా అని. ఉన్నారు. బంగారు లక్ష్మణ్ మన తెలుగువాడు, బీజేపీకి మొదటి దళిత అధ్యక్షుడు. 2001లో తెహల్కా కెమెరా ముందు లక్ష రూపాయలు తీసుకున్నాడు. 2012లో నాలుగేళ్ల శిక్ష పడింది. ఆయన తప్పును మనం వెనకేసుకురాకూడదు. అదే 2012లో జగన్ ఆస్తుల కేసులో అప్పటి మంత్రుల్లో అరెస్టయి జైల్లో ఉన్నది మత్స్యకార కులానికి చెందిన మోపిదేవి వెంకటరమణ. జీవోలు కేబినెట్‌వి కదా, ఈయన ఒక్కడే ఎందుకని బీసీ సంఘాలు అడిగాయి. మన వాదం దళిత, బహుజన నాయకులను వదిలేయమని కాదు. ఆ లక్ష రూపాయల కేసుకు ఉన్న చురుకు 250 కోట్ల ఆరోపణకూ ఉండాలని, అది ప్రభుత్వాలు మారినా తగ్గకూడదని.

అరెస్టును చూసి పండగ చేసుకోవద్దని మనకు చుండూరు నేర్పింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. పోరాడి ప్రత్యేక కోర్టు తెచ్చుకున్నాం. 2007లో యావజ్జీవ శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎఫ్ఐఆర్ మొదటి మెట్టు మాత్రమే. తీర్పు దాకా, ఆ తర్వాత అప్పీలు దాకా మనిషి వెంట మనిషి ఉండాలి.

అందుకే సర్వేపల్లి కేసులో మన పని ఏమిటో రాస్తున్నా. జిల్లా విద్యార్థి మిత్రులు ఇది చేయగలరు.

ఒకటి. ఎస్సీ, ఎస్టీ చట్టం 15ఎ సెక్షన్ ప్రకారం బెయిల్ సహా ప్రతి విచారణకు బాధితులకు ముందుగా నోటీసు రావాలి, వాళ్ల మాట కోర్టు వినాలి. ఆ కాలనీ వాళ్లకు నోటీసులు అందాయా, వాళ్ల తరఫున న్యాయవాది నిలబడ్డాడా? అడగాలి.

రెండు. జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఈ కేసును ఆ కమిటీ ఎజెండాలో పెట్టించాలి.

మూడు. శాసనసభ్యుల మీద కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ప్రభుత్వాలు ఉపసంహరించుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2021 ఆగస్టు 10న చెప్పింది. రేపు ఏ ప్రభుత్వం వచ్చినా ఈ మాట గుర్తు చేయాల్సింది మనమే. ఆ ఇద్దరి పార్టీలు గుర్తు చేయవు.

నాలుగు. సమాచార హక్కు కింద అడగండి: పొదలకూరు, సైదాపురం మండలాల్లో ఏయే గనులకు లీజు ఉంది, ఎప్పటిదాకా ఉంది, జిల్లా ఖనిజ నిధి ఏ ఊళ్లో ఎంత ఖర్చయింది. ఈ ప్రభుత్వంలో తవ్వుతున్న గనులనూ కలిపి అడగండి. గత ప్రభుత్వాన్ని మాత్రమే అడిగితే మనం ఒక రెడ్డి తరఫున ఇంకో రెడ్డి మీద పని చేసినట్టవుతుంది.

సంజీవయ్య కాలంలో ఆ శాఖ పెట్టి అరవై ఏళ్లు దాటింది. ఆ శాఖ ఉన్నా, కోర్టులున్నా, చట్టాలున్నా సర్వేపల్లిలో లెక్క అడిగే హక్కు ఇంకా ఇద్దరు మనుషుల మధ్యనే తిరుగుతోంది. ఓడినవాడు గెలిచినవాడిని అడుగుతాడు, గెలిచినవాడు ఓడినవాడిని జైల్లో పెడతాడు. ఆ ఇద్దరినీ ఒకే గొంతుతో అడిగే మూడో మనిషి రావాలి. ఆ మనిషి నేలటూరు పల్లె నుంచి రావచ్చు, పల్లెపాలెం నుంచి రావచ్చు, గని పక్క యానాది కాలనీ నుంచి రావచ్చు. ఇది చదువుతున్న మీలో నుంచి రావచ్చు.

వచ్చే భాగంలో ముత్తుకూరు తీరంలో డీకేటీ పట్టా భూములు పోర్టుకు, పవర్ ప్లాంట్లకు ఎలా పోయాయో, 1977 అసైన్డ్ భూముల చట్టం మనకు ఎంత కాపలా కాసిందో చూద్దాం.

జై భీమ్.